నల్లి మందు

నవంబరు 3, 2024. ఆదివారం

నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పన్నెండు రోజులు. పన్నెండు రోజులూ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. అడిగితే ఊ, ఉహూ. అంతే.

మిరప చేలో మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా పురుగుమందు కొడుతూ పడిపోయాడు. డిశ్చార్జి రోజున డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, ఇంకోసారి మందు ఒంటికి తగిలితే మనిషి దక్కడు, వాసన కూడా చూడనివ్వొద్దు అని. చేను చెంచురామయ్య బాబాయికి అప్పజెప్పాం. మందు డబ్బాలన్నీ అమ్మ ఆయనకే ఇచ్చి పంపేసింది.

టీవీ పెడితే కట్టేయమంటాడు. వీధిలోకి రాడు. చేతులు వణకడం ఎవరి కంటా పడకూడదట. ఇట్లాగే ఉంటే మందు అక్కర్లేదు, ఆ గోడే చంపేస్తుంది నాన్నని.

నవంబరు 5

ముబీన్ ఫోన్ చేసింది. నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మీ నాన్నకి పెంచుకోడానికి ఏదైనా ఇవ్వవే అంది. కుక్కనా అన్నాను. కాదే, పురుగుల్ని అంది. పడీ పడీ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు ఆకు తిరగేసి పురుగుల్నే చూసిన మనిషి కదా.

నవంబరు 10, ఆదివారం

ముబీన్‌ది కనిగిరి. ఇద్దరం పొద్దున్నే కొండ కిందికి వెళ్లాం. రాళ్లు ఎత్తీ ఎత్తీ నడుం పోయింది. ఆరు పెంకు పురుగులు దొరికాయి. నల్లగా, గట్టిగా, బొటనవేలి గోరంత ఉన్నాయి. ఎడారుల్లో బతికే జాతికి దగ్గర చుట్టాలట. పొడి ఇసక, వేడి ఉంటే చాలట. తడి ఎక్కువైతే చస్తాయట. నేను పాఠాలు చెప్పే స్కూల్లో పగుళ్లిచ్చిన ఫిష్ ట్యాంక్ ఒకటి పడుంటే అడిగి తెచ్చుకున్నాను.

ఇసక మన చేలోంచే తెస్తా అని అమ్మతో అంటున్నాను. గోడవైపు నుంచి మాట వచ్చింది. ఆ మట్టి ముట్టుకోమాక, ముప్పై ఏళ్లు మందు తాగిన మట్టి అది, గంట కూడా బతకవు, వాగు ఇసక తీసకరా అని.

తెచ్చాను. అమ్మ తడి పోయేదాకా మూకుట్లో పోసి వేయించింది, ఈ వయసులో నా చేత ఇసక వేపుడు కూడా చేయిస్తున్నారు అని సణుగుతూనే. నేను ట్యాంక్‌లో ఇసక పోసి పైన రాళ్లు పేర్చాను. నాన్న లేచి వచ్చాడు. బుద్ధుందా నీకు, కింద తవ్వుకుంటే రాయి మీద పడి చావవా అని తిట్టాడు. అంతా తీయించాడు. రాళ్లని అడుగు గాజుకే ఆనించి, చుట్టూ తనే ఇసక పోశాడు. చెయ్యి వణికి సగం బయటే పడింది. ఒక మూల బల్బు, రెండో మూల ఎండు తుమ్మకొమ్మ, పైన దోమల మెష్.

తిట్టాడు! నాన్న నన్ను తిట్టాడు!

నవంబరు 11

క్యారెట్ ముక్క తిన్నాయి. నాన్న కూడా రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నవంబరు 19

లేస్తే ముందు ట్యాంకే. ఆరింటినీ విడివిడిగా గుర్తుపడుతున్నాడు. ఒకటి అచ్చం చెంచురామయ్య బాబాయిలా నడుస్తుందట, పొట్ట ముందేసుకుని. బాబాయి వస్తే ఆయనకే చూపించాడు. ఏందన్నయ్యా, ఊరంతా పురుగు చావక ఏడుస్తుంటే నువ్వు కూర్చోబెట్టి మేపుతున్నావా అన్నాడు బాబాయి. నాన్న గట్టిగా నవ్వాడు. అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను విననట్టు ఊరుకున్నాను.

నవంబరు 25

స్కూల్ నుంచి వచ్చేసరికి నాన్న ట్యాంక్ మీదికి వంగి ఉన్నాడు. నల్లి పట్టిందమ్మాయ్ అన్నాడు. చూశాను. రెండు పురుగుల మెడ కింద ఎర్రగా, సూదిమొనంత, పాకుతున్నాయి. మిరపాకుకి పట్టే నల్లిలాగే ఉన్నాయి. రేపటికి అన్నిటికీ పాకుద్ది, ఏదో ఒకటి చెయ్యి అన్నాడు.

ఫొటో తీసి ముబీన్‌కి పంపాను. జవాబు లేదు. ముబీన్ చెప్పిందా, ముబీన్ చెప్పిందా అని పదిసార్లు అడిగాడు. దిద్దాల్సిన పేపర్లు నా నెత్తిన. చస్తే చస్తాయిలే నాన్నా, ఇంకో ఆరు తెస్తా, నన్ను వదిలెయ్ అని అరిచాను.

నాన్న పోయి ట్యాంక్ దగ్గర కూర్చున్నాడు.

నవంబరు 26. మధ్యాహ్నం, స్టాఫ్ రూమ్

11:40కి ముబీన్ మెసేజ్. ఏం భయం లేదు, అవి పురుగు మీదెక్కి తిరుగుతాయంతే, హాని చెయ్యవు, వాటి మానాన వాటిని వదిలెయ్ అని.

ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాను. నాన్న పడుకుని ఉంటాడు. సాయంత్రం చెప్తా. నిన్న అన్న మాటకి సారీ కూడా చెప్పాలి.

నవంబరు 28. ఆసుపత్రి బెంచీ

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

అటక మీద ఒక సీసా మిగిలిపోయింది. నల్లి మందు. నల్లి మందు నల్లినే చంపుద్ది, మంచి పురుగు జోలికి పోదు అని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నాన్న కూడా అదే అనుకున్నాడు. మొన్న రెండింటికి అమ్మ పక్కింటికి వెళ్లగానే దించాడు. అమ్మకి వాసన తగలకూడదని తలుపూ కిటికీలూ మూసుకున్నాడు. ఈసారి మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. పుల్లకి దూది చుట్టి మందులో ముంచి, ఒక్కో పురుగునీ అరచేతిలో పెట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని, నల్లి ఉన్న చోటే అద్దాడు. స్ప్రే చేస్తే వాటికి ఎక్కువవుతుందని.

చెయ్యి వణికి సీసా ఒళ్లో ఒలికింది. లుంగీ మార్చుకోలేదు. ముందు నేల తుడిచాడు. మళ్లీ మళ్లీ తుడిచాడు. నాలుగున్నరకి అమ్మ టీ తెచ్చి తలుపు కొట్టేదాకా ఆ తడి లుంగీతోనే ఉన్నాడు.

అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నువ్వొచ్చేలోపు తుడిచేద్దామనుకున్నానమ్మా, తిట్టమాక అన్నాడు.

నేను తిడతానని. దేవుడా, నేను తిడతానని!

నవంబరు 29

పొద్దున కళ్లు తెరిచాడు. పురుగులెట్లా ఉన్నయ్ అని అడిగాడు. ఆరూ మంగళవారమే కాళ్లు పైకి పెట్టి చచ్చాయి. తిరుగుతున్నాయి నాన్నా, నల్లి పోయింది అన్నాను. చూశావా, మందు పడ్డాక పోకుండా ఉంటదా అన్నాడు. మొహం తేటపడింది.

ఒంటిగంటా పదికి పోయాడు.

డిసెంబరు 13

అమ్మ ఇవాళ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ నల్లికి మందు పెట్టక తప్పదా, మీ నాన్న ఊరికే పోయాడా, నీ ఫ్రెండు ఏమంది అని అడిగింది. తప్పదనే అందమ్మా అన్నాను. ఏదీ, చూపించు అంది.

అమ్మకి చదవడం రాదు. ముబీన్ మెసేజ్ తెరిచి చేతికిచ్చాను. అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్‌ని కళ్లకద్దుకుంది.