రాణిగారి కుర్చీ

అక్కయ్యా, నా ఉద్యోగం పోలేదు, కంగారు పడకు.

మా చరిత్ర సంఘంలో గోడ గడియారానికి కీ ఇద్దామని మూడు వందల ఏళ్లనాటి రాణిగారి కుర్చీ ఎక్కాను. కాలు విరిగింది. నాది కాదు, కుర్చీది. కార్యదర్శిగారు నన్ను పనిలోంచి తీసేశారు. ఇంతలో బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి కుర్చీ తిరగేసి, "ఇదిగో మా నాన్న గుర్తు! పాలిష్ నేనే పట్టానండీ" అన్నాడు. ఆ కుర్చీ మీద పుస్తకం రాసిన కార్యదర్శిగారు గబగబా వెళ్లి తలుపు మూశారు. నా వైపు తిరిగి, "ఈ సంగతి గడప దాటకూడదు. రేపట్నుంచి మామూలుగా రావయ్యా" అన్నారు.

బావగారి దగ్గు తగ్గిందా? నా కళ్లజోడు మీ కిటికీలో మరిచాను, పంపు. పిల్లలకు ఆశీస్సులు.

నీ తమ్ముడు

పోస్ట్‌మాన్ గారూ, కవరు దొరకలేదు. చదివేశారు కదా, మీరూ ఎవరికీ చెప్పకండి.