నాయన కట్టిన మిల్లు గోడ

ఆదోని

నాయన పాదాలకూ అమ్మ పాదాలకూ పెద్దకొడుకు మద్దిలేటి మొక్కి రాసుకునే సంగతులు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరంతా అక్కడ బాగున్నారని మహానందీశ్వరుడి మీద భారం వేసి అనుకుంటున్నాను. నాయన కళ్ళల్లో మంట తగ్గిందా? ఆముదం చుక్కలు వేస్తున్నారా, మానేశారా? అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావిలో ఊట ఏమన్నా వచ్చిందా? ఎర్రావుకు మేత దొరుకుతోందా? మీ కోడలు పిల్లలతో పుట్టింటి నుంచి తిరిగొచ్చిందా? నాగమ్మా, ఇవన్నీ ఒకటొకటిగా జవాబు రాయాలి. పోయిన జాబులో అందరూ క్షేమం అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అది జాబా, టెలిగ్రామా? సున్నం పడి నాయనకు కళ్ళు పోయాయి, అమ్మకు అక్షరం రాదు. ఈ అన్న మాట వాళ్ళకు చేరాలంటే నీ నోటి నుంచే కదా తల్లీ.

నా గురించి దిగులు పడొద్దు. పొద్దున జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చికారం. రాత్రికీ రొట్టే. సంగటి ముద్ద చూసి మూడు నెలలైంది. బజారులో సగం మంది కన్నడం మాట్లాడతారు, సగం మంది ఉరుదు. మన పక్క మాట చెవిన పడితే ప్రాణం లేచి వస్తుంది. చలికాలమని పేరే గానీ సారవ మీద పదింటికే తల పగిలే ఎండ. వెదురు బొంగులు కట్టిన ఆ సారవ మీద పొద్దంతా నిలబడి, పాత ఇటుకల సందుల్లో చచ్చిపోయిన సున్నాన్ని ఉలితో గీకి తీసి కొత్తది కూరుతాము. పెళుసెక్కిన ఇటుకను పీకి దాని చోట మంచిది పెడతాము. వేళ్ళ సందుల్లో పుండ్లు లేచాయి. పరవాలేదు, కొబ్బరినూనె రాస్తున్నాను. మేనమామ ఆదోనికి వచ్చే పని ఉంటే కాసిన్ని కొర్రలు, అమ్మ చేతి ఊరగాయ పంపండి. లేకుంటే వద్దు. మీకు ఉంటే కదా నాకు పంపేది. నేను బాగానే ఉన్నాను.

నాగమ్మా, ఇక్కడ ఆపు. ఇంతవరకు అమ్మ వినొచ్చు. అమ్మ నీళ్ళకు పోయినప్పుడు తలుపు దగ్గరికి వేసి మిగతాది నాయనకు మాత్రమే చదువు. గట్టిగా చదవొద్దు.

నాయనా, నేను బాగాలేను. ఇందాకటి నుంచి రాసిందంతా పైపూత.

ఈ పని నాకెలా దొరికిందో నీకు తెలుసు. ఊళ్ళో గోడ కట్టించే దిక్కు లేక ఇక్కడికొచ్చి, ఈ పత్తిమిల్లు గేటు ముందు నిలబడి, ఈ మిల్లు కట్టిన కోయిలకుంట్ల బేల్దారి కొడుకునన్నాను. అంతే, మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఆయప్ప కొడుకువా? ముప్పై ఏండ్లాయ గదప్పా, ఒక్క పగులు గూడా ఇయ్యలేదు ఆ గోడలు!" అన్నాడు. ఆ పూటే పనిలో పెట్టుకున్నాడు. ఎదురుబొదురు రెండు పెద్ద గోడలు, గోడకు స్తంభాల నడుమ పద్నాలుగు అంకణాలు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. కనబడ్డ కూలివాడికల్లా మా నాయన కట్టిందని చెప్పేవాణ్ణి. నా గొప్పలు వినలేక వాళ్ళకు విసుగు పుట్టింది గానీ నాకు పుట్టలేదు. ఎంత పిచ్చివాణ్ణి!

పోయిన శుక్రవారం పడమటి గోడ మూడో అంకణంలో, పైకప్పు తూము పగిలి వాననీళ్ళు దిగినచోట, ఉబ్బిన ఇటుకలు పీకాను. వెనక సున్నం ఎలా ఉందో చూద్దామని లోపలికి చెయ్యి పెట్టాను. చేతికి మట్టి తగిలింది. ఒక పిడికెడు తీసి చూశాను. ఎర్రమట్టి, ఇటుక ముక్కలు. మళ్ళీ పెట్టాను. చెయ్యి మోచేతి దాకా పోయింది. బయటొక పొర, లోపలొక పొర సున్నంతో కట్టి, నడుమంతా మట్టి పోశారు. ఇది వేరే ఎవరి పనో అనుకున్నాను. నీ మీద ఒట్టు నాయనా, అలాగే అనుకున్నాను. కానీ మూడు వరసలకొకసారి రెండు పొరలనూ కలిపే పొడుగిటుక ఉంది, దాని కొన ఏటవాలుగా చెక్కి ఉంది. అలా చెక్కేవాడివి నువ్వొక్కడివే. నాకు నేర్పిందీ నువ్వే.

పిడికిట్లో మట్టితో సారవ మీదే కూర్చున్నాను. కింది నుంచి మేనేజరు "ఏమప్పా మద్దిలేటీ, ఏమాయ?" అని కేకేశాడు. "ఏం లేదు సార్, నీళ్ళకు నానిండాది, అంతే" అన్నాను. ఆ ఇటుకలు మళ్ళీ పేర్చి మూసేశాను. ముప్పై ఏళ్ళ కిందట నువ్వు మూశావు, ఇప్పుడు నేను మూశాను.

ఎందుకు చేశావో నాకు తెలుసు. నేను పుట్టిన ఏడు కరువని అమ్మ చెప్పేది కదా. సున్నం తడపడానికి నీళ్ళు లేవని, గానుగ తిప్పే ఎద్దులు పడిపోయాయని, మిల్లు సేటు వారానికొకసారి తాడుతో గోడ కొలిచి, లేచిన ఎత్తును బట్టి జొన్నలు కొలిపించేవాడని. "ఆ ఏడు గూడా మీ నాయన ఒక్క వారం మనల్ని పస్తు పెట్టలేదురా" అని ఎన్నిసార్లు చెప్పిందో! ఆ జొన్నలు తిన్న తల్లి పాలు తాగి బతికినవాణ్ణి. నిన్ను నిలదీసే నోరు నాకెక్కడిది? అయినా కోపం వస్తోంది. మట్టం ఒక నూలు తప్పితే తాపీ కాడతో నా వేళ్ళ మీద కొట్టేవాడివే! ఒక్కనాడన్నా చెప్పి ఉండకూడదా? ఆదోనికి పోతానంటే "వద్దులే, కడపకు పో, ఆడ రాతిపని శానా ఉంటాది" అన్నావు. రెండుసార్లు అన్నావు. కళ్ళు పోయి చాదస్తం పెరిగిందనుకున్నాను. నన్ను క్షమించు.

మట్టి పొడిగా ఉన్నంతకాలం నిలబడింది. ఇప్పుడు తూములన్నీ పగిలి, రెండేళ్ళుగా నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. మాఘమాసం రాగానే పత్తి బండ్లు వస్తాయి, యంత్రాలు తిరుగుతాయి, మిల్లంతా అదురుతుంది. మొన్న మేనేజరు పిలిచి అడిగాడు. "కడమ అంకణాలు గూడా ఇప్పల్లా, పైన సిమెంటు పూసేస్తే సాలా? మీ నాయన గోడ, నువ్వెట్ల సెప్తే అట్ల. అమాస లోపల సెప్పు" అన్నాడు. ఇంజనీరు మాట కూడా ఎత్తలేదు. నీ కొడుకునని నమ్మాడు.

సుత్తితో అన్ని అంకణాలూ కొట్టి చూశాను. అన్నీ ఒకేలా ఖణేలుమంటున్నాయి, ఏది మట్టిదో తేలలేదు. పై పొర నీ చేతి గానుగ సున్నం, అది ఎవరికి దొరుకుతుంది? అన్నీ విప్పితే ఈ ఏడు మిల్లు తిరగదు. ఇక్కడి ఆడవాళ్ళకు ఆ నాలుగు నెలల పనే ఏడాది కూడు. విప్పకపోతే, వాళ్ళు కూర్చునేది ఆ గోడ కిందే.

ఔకు నుంచి వచ్చిన పుల్లమ్మ అని ఒకామె ఇక్కడ గోతాలు కుడుతుంది. మన పక్కవాణ్ణని అప్పుడప్పుడు నాకు రొట్టెలోకి ఇంత ఊరిబిండి పచ్చడి పెడుతుంది. నిన్న మధ్యాహ్నం మూడో అంకణానికి వీపు ఆనించి కూర్చుని, "ఈ గోడ శానా సల్లగా ఉంటాదప్పా. మీ నాయన సెయ్యి సల్లనిది" అంది. "ఆడ కూసోవద్దక్కా, పైనుంచి సున్నం రాల్తాది" అని లేపాను. నవ్వుకుంటూ పోయి ఆరో అంకణం దగ్గర కూర్చుంది. ఆరోది ఎలాంటిదో నాకు తెలియదు నాయనా. నీకొక్కడికే తెలుసు.

అందుకే అడుగుతున్నాను. అన్ని అంకణాల్లోనూ పోసుండవు, నీళ్ళు దొరకని వారాల్లోనే పోసుంటావు. ఎక్కడెక్కడ మట్టి పోశావో చెప్పు. తూర్పు గోడలో ఏవి, పడమటి గోడలో ఏవి. కళ్ళు లేకపోయినా నీ చేతులకు గుర్తుంటుంది. అవి మాత్రం విప్పి, మాఘం లోపల సున్నంతో కట్టేస్తాను, వేళ్ళు ఊడిపోయినా సరే. విప్పాక దాచడానికేముంది? అందరికీ నేనే చాటుకున్నాను కదా ఎవరి గోడో. నిన్ను తిడతారు, నన్ను తిడతారు. ఆ తర్వాత మనింటి వాడికి గోడ కట్టమని ఒక్క ఇటుక చేతికిచ్చేవాడు ఉండడు. పిల్లలకు ఏ పని నేర్పాలో, ఎలా బతకాలో తెలియదు. ఎంత ఆలోచించినా దారి కనబడటం లేదు. కానీ ఆ పుల్లమ్మను మళ్ళీ ఎక్కడ కూర్చోమనేది?

చిన్నాయనకూ మేనమామకూ నా దండాలు చెప్పండి. అమ్మను నీళ్ళ బరువు మోయనీయకండి. నాయనా, కోపమొస్తే తిట్టు, కానీ నీ దీవెన మాత్రం తీసేయొద్దు. అది తప్ప నా దగ్గర ఇప్పుడేమీ లేదు.

నీ కొడుకు
మద్దిలేటి

నాగమ్మా, జవాబు అమావాస్య లోపల నాకు అందాలి, ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దు. నాయన అంకెలు చెబితే అంకెలు రాయి. తిడితే తిట్లు రాయి. ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే, మాట్లాడలేదని రాయి. అప్పుడు అన్ని అంకణాలూ విప్పుతాను.