ఒక చిక్కుడాకు ఎక్కువ

21 సెప్టెంబర్ 2025, ఆదివారం

పెద్దల అమావాస్య. ఇక్కడ టాటానగర్‌లో, భుయ్యాడీహ్ దగ్గర సువర్ణరేఖ నదిలో దిగి నాన్నకి నువ్వులూ నీళ్ళూ వదిలాను. పంతులుగారు ఎప్పటిలాగే తిథి అడిగారు. ఎప్పటిలాగే తెలీదన్నాను. తిథి తెలియని వాళ్ళందరికీ ఈ రోజే కదా. నాకు ఏడాది నిండాక కలరాతో పోయాడని అమ్మ చెప్పేది.

గట్టు మీద మావైపు మనిషి శ్యామ్ కలిశాడు. మాటల్లో, కలరా ఏమిటి బంగార్రాజు గారూ, మీ నాన్న భీమారావుని మొదటి ఓట్లప్పుడు కొట్టి చంపేశారు కదా, మా తాత చెప్పేవాడు అన్నాడు. ఏ రోజో మాత్రం తనకీ తెలీదట. తడిబట్టలతోనే మెట్ల మీద కూర్చుండిపోయాను. డెబ్భై అయిదేళ్ళు వచ్చాక తెలిసింది నాకు.

26 సెప్టెంబర్

నిద్ర లేదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు.

19 అక్టోబర్

అమ్మాయి బిందుప్రియ ఊరికి ఫోన్లు చేసింది. మా ఇంటిపేరే ఎవరికీ తెలీదట. ఇక్కడే కాసిడీహ్‌లో మావైపు ముసలాయన ఒకరి దగ్గరికి వెళితే ఆయన నన్నే భీమారావు అనుకుని యోగక్షేమాలు అడిగాడు. కాదని చెప్పే ఓపిక లేక, బాగున్నానని చెప్పి వచ్చేశాను.

మోకాళ్ళు, ఆటోలు, మెట్లు. వదిలేద్దామనిపిస్తోంది. నాకు పగ అక్కర్లేదు. తిథి కావాలి. ఒక్కసారైనా ఆయన రోజున ఆయనకి పెట్టాలి.

16 నవంబర్

దొరికింది! మా ఊరి మనిషి, బారిడీహ్‌లో మనవడి క్వార్టర్‌లో ఉంది. పేరు అమ్మణ్ణి. ఊళ్ళో మా పక్కింటి పిల్లట, అప్పటికి పదేళ్ళుంటాయట. మీయమ్మ భద్రమ్మ ఉందా అని అడిగింది. పోయి చాలా ఏళ్ళయిందన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, మళ్ళీ రమ్మంది.

30 నవంబర్

మరిచిపోకముందే రాయాలి.

అమ్మణ్ణమ్మ నా గడ్డం పట్టుకుని చెప్పింది. మొదటి ఓట్లకి మా వీధి కూలీలెవరూ వెళ్ళకూడదని భూస్వామి చాటింపు వేయించాడట. నాన్న ముందు నడిచి అందర్నీ తీసుకెళ్ళాడట. భూస్వామి నిలబెట్టిన మనిషి ఓడిపోయాడు. తర్వాత కొద్ది రోజులకే, పండగ పూట.

"సిక్కుడాకులు కోసుకొత్తానని ఎల్లాడురా. మీయమ్మ పిడకల మీద పాలెట్టీసింది. పాలు పొంగినాయి. మనిషి రానేదు."

పిడకల మీద పాలు, చిక్కుడాకులు. ఇంకేం పండగ? రథసప్తమి. నాన్న తిథి!

ఇన్నేళ్ళూ ఎందుకు దాచారని అడిగాను. నేను పెద్దవాణ్ణయి కత్తి పట్టుకుని ఆ ఊరు వెళతానని అమ్మ భయమట. అప్పటికి పదేళ్ళ పిల్ల అమ్మణ్ణమ్మ చేత కూడా ఒట్టు వేయించుకుని, నన్ను చంకనేసుకుని, టాటానగర్‌లో రైల్వే పనిలో ఉన్న మావయ్య దగ్గరికి వచ్చేసిందట. ఆ మాట చెప్పి నా మోకాళ్ళకేసి చూసి, "ఇప్పుడెల్లు మరి" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఏడ్చాం.

నాన్నా, నా బంగారు నాన్నా, నువ్వు మంచంపట్టి పోలేదు. అందరికంటే ముందు నడిచావు. ఎంత సంతోషంగా ఉందో. ఆటోలో వచ్చినంతసేపూ డ్రైవర్‌కి హిందీలో నీ కథే చెప్పాను. పాపం, సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి విన్నాడు.

1 డిసెంబర్

తెల్లవారుతుండగా గుర్తొచ్చింది. మావయ్య క్వార్టర్ వెనక, రథసప్తమికి అమ్మ పిడకల మీద పరమాన్నం వండేది. సూర్యుడికి పెట్టాక చిక్కుడాకుల్లో నాకు పెట్టేది. ఒక ఆకు ఎక్కువ వేసేది. తను మాత్రం ముట్టేది కాదు, ఉపవాసం అనేది.

ఆ ఎక్కువ ఆకులోది కూడా నేనే తినేసేవాణ్ణి. అమ్మ చూస్తూ కూర్చునేది.

ఆయన రోజున ఆయనకి ఎవరూ పెట్టలేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. నా ఎదురుగానే పెట్టింది. ఏటేటా.

25 జనవరి 2026, రథసప్తమి

ఒక ఆకు ఎక్కువ వేశాను.

"యే కిస్కా హై, తాతా?" ఇదెవరిదని అడిగింది మనవరాలు తనుశ్రీ. నేను చెప్పేలోపే తినేసింది.

ఆపలేదు.