గెస్ట్ పేషెంట్

2 మే, శనివారం

వదిన మెడ దగ్గరి పైపు తీసేసి ఇవాల్టికి రెండు నెలలు. డయాలసిస్ సూదుల కోసం చేతి నరాలు కలిపి చేసిన ఫిస్టులా బాగా పనిచేస్తోందని, మెడ మీది గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాడు. వదిన ఒక్క ప్రశ్నే అడిగిందట, నీళ్లలో దిగొచ్చా అని. సూదులు గుచ్చిన రోజు తప్ప ఎప్పుడైనా దిగొచ్చన్నాడట.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండానే, ఈ సెలవుల్లో సముద్రానికి వెళ్తున్నాం అంది. వెళ్దామా అని అడగలేదు.

వదిన మా ఆయనకి అక్క. మాతోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో కోచ్‌గా చేసింది. మూడేళ్ల క్రితం కిడ్నీలు రెండూ మొరాయించాయి. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మెడలో పైపు ఉన్నన్నాళ్లూ దానికి నీటి చుక్క తగలకూడదు. నీళ్లలోనే సగం బతుకు గడిపిన మనిషి, తలస్నానం చేయాలన్నా ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని కూర్చునేది.

ఇది ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. నాకు వెళ్లాలని లేదు. ఏడాదంతా డ్రైవింగ్ స్కూలు కార్లో పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద కాలేసుకుని, ఊళ్లోవాళ్ల తప్పులన్నీ కాస్తూ ఉంటాను. నాకు సెలవంటే ఎవరి బాధ్యతా నా మీద లేని నాలుగు రోజులు. ఆ సెలవులో డయాలసిస్ లేదు.

11 మే

వదిన సముద్రం ఒడ్డు ఊళ్లలోని పదకొండు డయాలసిస్ సెంటర్లకి ఫోన్ చేసింది. బయటి ఊరి వాళ్లని తీసుకోం అన్నవాళ్లు ఆరుగురు. తర్వాత చేయమన్నవాళ్లు నలుగురు. పదకొండోవాళ్లు గెస్ట్ పేషెంట్ కింద రాసుకుంటాం, రిపోర్టులు పంపండి అన్నారు. ఒక్క ఫోన్లో కూడా గొంతు పెంచలేదు, ప్రాధేయపడనూ లేదు. సూది సైజు, డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, ఏ మందులు, ఏ ఎలర్జీలు, వరసగా చెప్పుకుపోతుంటే, ఎవరికో ఇంటి అడ్రసు చెబుతోందేమో అనిపించింది.

మా ఆయన మూడు పేజీల లిస్టు రాశాడు. అందులో మొదటిది టార్చిలైటు.

20 మే, బుధవారం, సాయంత్రం 5

తొమ్మిది గంటలు నేనే నడిపాను. మా ఆయనకి కారు నడపడం రాదు. ఇన్ని వందల మందికి నేర్పినదాన్ని, ఈయనకి మాత్రం నేర్పలేకపోయాను.

వదినకి రోజుకి ముప్పావు లీటరు మించి నీళ్లు పడకూడదు. దారిలో ఈయనకి దాహం వేసినప్పుడల్లా కారు ఆపించి, ఒంటికి పోయొస్తానని డిక్కీ వెనక్కి వెళ్లి తాగొస్తున్నాడు. మూడోసారి వదిన అద్దం దించి, మూతి తుడుచుకుని రారా, నీ చొక్కా అంతా తడిసింది అని చెప్పింది. తను తాగలేనంత మాత్రాన ఇంకొకళ్లు తాగుతుంటే చూడలేనంత కరువులో లేనంది. ఆ తర్వాత ఈయన ముందు సీట్లోనే కూర్చుని, తల మాత్రం అటు తిప్పుకుని తాగాడు.

గది బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తోంది. ఇప్పుడే దిగుతారా వదినా అని అడిగాను. రేపు పొద్దున మెషిన్ ఎక్కి, ఒక రోజు ఆగి, ఎల్లుండి సాయంత్రం దిగుతానంది. కళ్లు మాత్రం అలల మీదే ఉన్నాయి. ఎంత లోతులో విరుగుతున్నాయో అంచనా వేస్తున్నట్టుంది.

21 మే, గురువారం, మధ్యాహ్నం 1

అంతా తలకిందులైంది.

ఏడింటికే సెంటరుకి వెళ్లాం. మెషిన్లకి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మొన్న సోమవారం పాడైందట. సగం బాగు చేశారు. ఎనిమిది మెషిన్లలో మూడే నడుస్తున్నాయి. మంగళవారం మెషిన్ ఎక్కాల్సినవాళ్లు ఇవాళ ఎక్కుతున్నారు. గెస్ట్ పేషెంట్లకి రేపు పొద్దున్నే చూస్తామన్నారు. ముందే ఫోన్ చేసి చెప్పలేకపోయామని మేనేజరు తల దించుకుని చెప్పాడు.

మా ఆయన కేకలు మొదలుపెట్టాడు. ఈయన అరవడం పెళ్లయిన పద్నాలుగేళ్లలో రెండోసారి చూశాను. మా అక్క ప్రాణం మీకు ఆటగా ఉందా అన్నాడు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తానన్నాడు. మేనేజరు బెదిరిపోయాడు. రిజిస్టరు అటూ ఇటూ తిప్పి, సరే, పదకొండు గంటలకి ఒకాయనది ఉంది, లోకల్ మనిషే, ఆయన్ని రేపటికి మార్చి మేడమ్‌ని ఎక్కిస్తామన్నాడు.

సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు హాయిగా అనిపించింది.

ఆ లోకల్ మనిషి ఎదురుగా బెంచీ మీదే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. పడవలకి రంగులేసే పెయింటరు. గోళ్ల సందుల్లో నీలం రంగు. అంతా విన్నాడు. లేచి నిలబడి, మేడమ్ దూరం నుంచి వచ్చారు కదా, నేను రేపొస్తాలెండి అన్నాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

వదిన ఆయన ముఖం కేసి చూడలేదు. పాదాలు చూసింది. చెప్పుల పట్టీలు మాంసంలో దిగబడిపోయి ఉన్నాయి.

"ఎన్ని కిలోలు పెరిగారు?" అని అడిగింది.

ఆయన మొహమాటపడ్డాడు. నాలుగుంటుందేమో అన్నాడు. మంగళవారం ఎక్కలేదా అంటే, ప్లాంటు పాడైంది కదా అన్నాడు. అంటే శనివారం తర్వాత లేదు. ఐదు రోజులు.

"మీకు నాలుగు. నాకు ఒకటిన్నర. మీరే ఎక్కండి. నేను రేపొస్తాను."

మేనేజరుతో కూడా అదే చెప్పింది, రేపు మొదటి షిఫ్టులో నా పేరు రాయండి, రాసింది నాకు చూపించండి అని. తర్వాత అక్కడే నిలబడి మన డాక్టరుకి ఫోన్ చేసింది. ఊపిరి ఎలా ఉంది, బీపీ ఎంత, వాపు ఉందా అని ఆయన అడుగుతుంటే ఒక్కొక్కటీ చెప్పింది. వారాంతంలో శనివారం నుంచి మంగళవారం దాకా మూడు రోజులు ఎలాగూ ఆగుతావు, ఇదీ అంతే అనుకో, కానీ నీళ్లు అర లీటరే, పండు ముట్టుకోకు, ఆయాసం వస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పో అన్నాడు. స్పీకర్ పెట్టింది కాబట్టి మేమూ విన్నాం.

గది దాకా వచ్చాక మా ఆయన, నీ దయాగుణం నీ ఒంటి మీద చూపించక్కర్లేదక్కా అన్నాడు. దయ కాదురా, లెక్కల్లో రెండోతరగతి కూడిక అంది వదిన.

సాయంత్రం 6:30

వదిన మధ్యాహ్నమంతా ఒడ్డున కుర్చీలో కూర్చుంది, నీటికి ఇరవై అడుగుల దూరంలో. ఎండ. చుట్టూ జనం సీసాలు ఎత్తి గటగటా తాగుతున్నారు. వదిన ఒక్కో ఐసు ముక్క నాలుక మీద పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని, మళ్లీ ఈదేవాళ్లని చూస్తూ కూర్చుంది. ఆ పసుపు టోపీ అమ్మాయి తల మరీ పైకెత్తుతోంది, నడుం పట్టేస్తుంది అంది. ఇంకొకాయన్ని చూసి, ఈయన నీళ్లని కొడుతున్నాడు గానీ ఈదట్లేదంది. చివరికి ఉండబట్టలేక పసుపు టోపీ అమ్మాయిని పిలిచి, తల ఎలా వాల్చాలో కుర్చీలోంచే చూపించింది. ఆ పిల్ల వెళ్లి అలాగే చేసింది. ఇద్దరూ దూరం నుంచే బొటనవేళ్లు ఎత్తి చూపించుకున్నారు.

ఇందాక వదిన చీలమండ మీద వేలితో నొక్కి చూశాను. గుంట పడింది. మెల్లగా పూడింది. నీరు చేరుతోంది, మళ్లీ నొక్కి చూశాను. వదిన మాత్రం, నీ వేలికి గోరు తీసుకోవే మరదలా అంది.

ఇవాళ తాగింది నాలుగు వందల ఎం.ఎల్. కొలిచింది నేనే.

22 మే, శుక్రవారం

ఎక్కింది. ఆరుంపావుకి. నాలుగు గంటలూ సాఫీగా నడిచింది. రేపటి శనివారం వంతు బదులు సోమవారం మన ఊళ్లోనే ఎక్కమన్నాడు డాక్టరు.

ఏడింటికి పెయింటరు వచ్చాడు. ఇవాళ ఆయన రోజు కాదు. ముఖం తేటపడింది, చెప్పులు వదులుగా ఉన్నాయి. వదిన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. థాంక్స్ చెప్పడానికి వచ్చాడనుకుంటాను గానీ ఆ మాట ఆయన నోటికి రాలేదు. బదులుగా, అసలు ఎలా వచ్చారు మీరు ఇంత దూరం అని అడిగాడు.

ఆయన మెషిన్ ఎక్కడం మొదలుపెట్టి ఆరేళ్లట. ఆరేళ్లుగా ఈ ఊరు దాటలేదు. చెల్లెలి పెళ్లి పక్క ఊళ్లో అయితే ఫోన్లో చూశాడు. ఎవరో మొదట్లో చెప్పారట, ఇక నువ్వు మెషిన్ ఉన్న చోటే బతకాలి అని. ఆయన దాన్ని ఈ మెషిన్ అని అర్థం చేసుకున్నాడు. పడవలకి రంగులేసి, పేర్లు రాసి, అవి వెళ్లిపోతుంటే ఒడ్డున నిలబడి చూస్తాడు. అది చెప్పినప్పుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వదిన ఓదార్చలేదు. కాగితం తీసుకోండి అంది. ఒక చేతికి సూదులు, కదపకూడదు. చెబుతుంటే ఆయనే రాసుకున్నాడు. నెల ముందు ఫోన్లు మొదలుపెట్టాలి. రక్త పరీక్షల రిపోర్టులు కొత్తవై ఉండాలి. కుదరదంటే, మరి ఎవరికి కుదురుతుందో చెప్పండి అని అడగాలి. వెళ్లిన చోట వాళ్లు సూది గుచ్చేముందు మన చెయ్యి గురించి మనమే చెప్పాలి. నిన్నటి లాంటి రోజు కూడా వస్తుంది, దానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి. బోర్డులు రాసే చెయ్యి కదా, ఒక్కో అక్షరం అచ్చు గుద్దినట్టు పడింది.

నాకేం తోచిందంటే, మూడేళ్లుగా నేను వదినని మోస్తున్నాననుకున్నాను. ఆసుపత్రికి దించుతాను, తీసుకొస్తాను. అంతవరకే నేను. మిగతాదంతా ఆవిడ ఒక్కతే నడుపుకుంటోంది, పక్క సీట్లో బ్రేకు కూడా లేకుండా.

23 మే, శనివారం, సాయంత్రం

దిగింది.

నాలుగున్నరకి. అల తక్కువగా ఉంది. సూదులు తీసి ముప్పై గంటలైంది, గుచ్చిన చోట్లు మూసుకున్నాయని నాకు చూపించి, చేతిని నా చెవి దగ్గర పెట్టింది. లోపల రక్తం పరుగుకి ఫిస్టులా తుమ్మెదలా ఝుమ్మంటోంది. ఇంజను స్టార్టయింది, పద అంది. నడుం లోతు దాకా నేను పక్కనే నడవాలని ఒప్పందం. నాకు ఈత రాదు. మా ఆయన ఒడ్డున తువ్వాలు పట్టుకుని బంట్రోతులా నిలబడ్డాడు. లైఫ్‌గార్డుకి విషయమంతా ముందే చెప్పి వచ్చాడు, రెండుసార్లు.

ఒక అల వచ్చింది. వదిన దాని కిందకి దూరింది. చప్పుడే లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపు అవతల తేలింది, పది బారల దూరంలో.

ఆవిడ ఈదడం నేనెప్పుడూ చూడలేదు. నేను కాపురానికి వచ్చాక ఆవిడ పూల్ నుంచి తిరిగొచ్చేటప్పటి తడి జుట్టే చూశాను. ఇంట్లో వదిన మెట్టు మెట్టుకీ ఆగుతుంది, కూర్చుంటే లేవడానికి బల్ల పట్టుకుంటుంది. నీళ్లలో ఆ మనిషి లేదు. చెయ్యి లేస్తోంది, మోచెయ్యి ముందు, వేళ్లు తర్వాత, నీళ్లని కోయకుండా తెరుచుకుని వెళ్తున్నట్టు. తొందర లేదు. ఎక్కడికి వెళ్తోందో ఆవిడకి తెలుసు, సముద్రానికి తెలిసినట్టు లేదు. లైఫ్‌గార్డు ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మర్చిపోయాడు.

నలభై బారల దాకా లెక్కపెట్టాను. అప్పుడు గమనించాను, నా కుడికాలు ఇసకలోకి దిగబడి ఉంది. బ్రేకు తొక్కుతున్నాను. కాలు తీసేశాను.

తిరిగొచ్చింది. నిలబడి దగ్గింది. పెదాలు వణుకుతున్నాయి. ఏమంటుందోనని ఇద్దరం చూస్తున్నాం. "కాళ్లు బద్ధకించాయి. ఊపిరి నాలుగు బారలకే తీసుకుంటున్నాను, ఇదివరకు ఆరుకి. సోమవారం మెషిన్ దిగాక, బుధవారం నుంచి పూల్‌కి పోతాను" అంది.

మా ఆయన తువ్వాలు అక్కకి ఇవ్వకుండా తన ముఖమే తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇసక పడిందన్నాడు. రెండు కళ్లలోనా అని అడిగింది వదిన.

24 మే

ఇల్లు. వదిన దారంతా నోరు తెరుచుకుని నిద్రపోయింది.

6 జూన్

పెయింటరు ఫోన్ చేశాడు. ఆయన పిల్లలు కొండలు చూడాలంటున్నారట. మన ఊరి నుంచి కొండలు గంట ప్రయాణం. మన సెంటరు వాళ్లు మొదట కుదరదన్నారట ఆయనతో. మరి ఎవరికి కుదురుతుందో చెప్పండి అని అడిగాడట. వాళ్లు తడబడి, రిపోర్టులు పంపమన్నారట. వదినని సాయం అడగడానికి కాదు, ఇది చెప్పడానికే చేశాడు.

19 జూన్, శుక్రవారం, ఉదయం 6:40

పెయింటరు నుంచి ఫోను. బస్సు హోరు, పిల్లల గోల. వదిన స్పీకర్ పెట్టింది. ఆయన ముందు పిల్లల్ని ఊరుకోమన్నాడు. తర్వాత, "ఊరు దాటామండీ" అన్నాడు.