నాన్న కిల్టు

ఊనా,

పెద్ద వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది నాన్న నేయించుకున్న, నడుముకి చుట్టుకునే ఆ గళ్ల ఉన్ని కిల్టు నిన్న దుంగలు విసిరే పోటీలో కనబడింది. మిల్లు నడిపే ఫార్కర్ కట్టుకున్నాడు.

కోళ్లకి గింజలు వేశాను. బార్లీ చారు వేడి చేసుకో. బీరువా ఖాళీ అయింది, తడిగుడ్డతో తుడువు. కలరా ఉండలు ఇక కొనకు.

పురుగు కొట్టిన కిల్టులు తీసెయ్యమన్నాను, నిజమే. నాన్నది వెలిసిందని, విప్పి లోపలి వైపు బయటికి తిప్పి కుట్టమని దర్జీకిచ్చానన్నావు. ఏడాదిగా అడుగుతున్నాను. "ఇంకా మడతలు పెడుతున్నాడు అన్నయ్యా" అంటూ వచ్చావు. నమ్మాను. నిన్న ఫార్కర్ అందరి ముందూ నవ్వాడు. "మీ చెల్లెలే ఇచ్చింది పెద్దాయనా! ఇంట్లో ఇంకో ఇరవై ఉన్నాయట కదా, ఒకటి పోతే మీకు తెలీదంది."

తెలీకపోవడమేంటి? అంచున నాన్న తన చేత్తో వేసిన వంకర కుట్లు నేను కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో. అబద్ధమెందుకాడావు?

టోర్క్విల్

ఇంకోటి. ఈ పొద్దున ఆ ఇరవయ్యీ బండిలో వేసుకెళ్లి ఫార్కర్ గుమ్మంలో దించాను. వాడు నాన్నది కట్టుకుని చర్చికి బయల్దేరుతున్నాడు. ఇవన్నీ ఉంచుకో, అదొక్కటి విప్పు అన్నాను. విప్పాడు.