నలుగురికీ కలిపి మూడేళ్ళు

చిరంజీవి తమ్ముడికి, ముద్దాయి తరఫు లాయరుగారికి కూడా,

నిన్న కోర్టులో నీ వాదన విన్నాను. మాటకారివే, కాదనను. లిఫ్టు మెకానిక్ బ్రేకు పట్టకుండా చెక్కముక్క దోపాడు, పనయ్యాక తీయడం మరిచాడు, జనాన్ని ఎక్కనిచ్చాడు, లిఫ్టు కిందికి కూలింది. చేసిన తప్పు ఒక్కటే కనుక శిక్ష కూడా ఒక్కటిగానే నడవాలన్నావు. జడ్జిగారు తలూపారు. పోయినవాళ్ళు నలుగురు. ఒక్కొక్కరికి మూడేళ్ళు. నాలుగూ ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయట. అంటే మీ వదిన కోసం వాడు విడిగా ఒక్క పూట కూడా లోపల ఉండడు. బతికుండగా మనందరం తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది. చచ్చాక కూడా నలుగురికి పంచగా మిగిలిందే పెట్టించావు.

నీ మొదటి నల్లకోటుకి గుండీలు కుట్టింది ఆవిడే. నువ్వు పరీక్ష కోసం చదివిన పుస్తకాలు నేను అక్కసుతో చదివాను. శిక్షల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపించే అధికారం కోర్టుకుంది. పై కోర్టుకి వెళ్తున్నాను. పన్నెండేళ్ళూ వాడు లోపలే ఉండాలి.

ఇంకా నీ అన్నయ్యనే.


తమ్ముడూ,

అప్పీలు వేయడం లేదు. సంబరపడకు, ముందు చదువు.

పన్నెండేళ్ళ మాట మొహాన చెప్పి, వాడు బేలగా చూస్తుంటే కళ్ళారా చూద్దామని జైలుకి వెళ్ళాను. కటకటాల అవతల నిలబడి అంతా విన్నాడు.

"వేయించండి పెద్దాయనా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"వేళాకోళమా?"

"కాదండీ. పోయినవాళ్ళలో ఒకత్తి మా అమ్మాయే. నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతుంటే, బాగుచేశాలే, లిఫ్టులో దిగమ్మా అని నేనే అన్నా. మూడేళ్ళకి వదిలేస్తే ఇంటికెళ్ళాలి కదా. మా ఆవిడ తలుపు తీస్తుంది. ఏం చెప్పను?"

"కోర్టులో ఈ మాట చెప్పలేదేం?"

"మీ తమ్ముడుగారు చెబుతానన్నారు. నేనే వద్దన్నా."

ఇన్ని పుస్తకాలు నమిలిన నేను కేసు కాగితాల్లో మీ వదిన పేరు దాటి కిందికి చదవలేదు.

జాలిపడ్డాననుకోకు. వాడు కోరుకున్నది నేనెందుకు ఇప్పించాలి? మూడేళ్ళకి బయటికి రానీ. ఇంటికి వెళ్ళనీ. గడప ముందు నిలబడటమంటే ఏమిటో నాకు తెలుసు. నాకైతే తలుపు తీసేవాళ్ళు కూడా లేరు, తాళం నేనే తీసుకుంటున్నాను.

గెలిచానని ఊరంతా చెప్పుకో. నీ కక్షిదారుకి మాత్రం ఇప్పుడే చెప్పకు. పాపం, నా అప్పీలు మీద ఆశ పెట్టుకున్నాడు.

అన్నయ్య