రెండో అంకంలో రాణి

సోమవారం, స్టాఫ్ రూమ్

అక్కా,

మోకాలి నొప్పి తగ్గిందని రాశావు. నమ్మలేదు గాని సంతోషించాను.

నాకొక భయం పట్టుకుంది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మేం ఏటా చెప్పే పాత పద్యనాటకంలో, రెండో అంకంలో రాణి ఒక్కతే గదిలో కూర్చుని రాజు రాక కోసం ఎదురుచూస్తుంది. పండితులంతా దాన్ని విరహం అన్నారు. నాకు మాత్రం ఆ నాలుగు పద్యాల్లో భయమే వినిపిస్తుంది. అందుకే ఈ ఏడు మొదటిసారి రాణి పాత్రను విశ్లేషించమని అడిగాను.

మొదటి పేపరులోనే ఇలా ఉంది: "రాజు చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో రాణికి తెలుస్తుంది. నెమ్మదిగా విడిస్తే అన్నం తినవచ్చు. ఒక చెప్పు గోడకు తగిలితే దుద్దులు తీసి దాచుకుంటుంది, చెవి తెగకుండా."

నాటకంలో చెప్పులూ లేవు, దుద్దులూ లేవు. 'మూలంలో లేదు' అని ఎర్ర సిరాతో రాసి రెండు మార్కులు కోశాక నా చెయ్యి ఆగిపోయింది. ఏ పిల్ల ఇంట్లో ఏం జరుగుతోందో. పేపరు మీద నంబరే తప్ప పేరుండదు. మా శాఖాధిపతికి చూపించాను. ప్రతి మాటకూ అర్థం చెబుతారని పిల్లలు ఆయన్ని నిఘంటువు అంటారు. "పాత్రల కన్నీళ్లు తుడవడానికి మనకి జీతం ఇవ్వట్లేదమ్మా, దిద్దేసెయ్" అన్నారు.

ఏం చెయ్యమంటావు? జవాబు కాలేజీకే రాయి. ఇంటికి వద్దు.

నీ చెల్లెలు

గురువారం, అక్కడి నుంచే

అక్కా,

ఆ పిల్లెవరో కనుక్కుని తోడుండమని రాశావు. చదివి ఏడ్చాను. నీకు అబద్ధం రాశాను. ఆ చెప్పులు ఎవరివో నాకు మొదటి వాక్యంలోనే తెలిసింది. అవి మీ మరిదివి. దుద్దులు నావి. పెళ్లయిన మూడో ఏడు నుంచీ ఇంతే. నువ్వు వచ్చినప్పుడల్లా ఆయన ఎంత మర్యాదగా ఉంటారో చూశావుగా, నీకేం చెప్పను?

నా భయం పిల్ల గురించి కాదు, నా గుట్టు ఎవరు బయటపెట్టారా అని. రెండో పేపరులోనూ అవే చెప్పులు, మూడో దానిలోనూ అవే. నలభై రెండింటిలోనూ అవే. గోడకవతల ఉండే టైలరమ్మ చెప్పిందనుకుని రెండు రోజులు ఆవిడ వంక చూడలేకపోయాను.

నిన్న ముందు బెంచీ అమ్మాయిని అడిగాను. "ఇదంతా ఎక్కడిదమ్మా?"

"మీరు చెప్పిందే కదా మేడమ్. నోట్సులో ఉంది" అని పుస్తకం తీసి చూపించింది.

నేను చెప్పిన ప్రతి ముక్కా మా పిల్లలు రాసుకుంటారు, దగ్గినా రాసుకుంటారు. పై తరగతి వాళ్లవీ, చదువైపోయి వెళ్లినవాళ్లవీ నోట్సులు కూడా అడిగి తెచ్చుకున్నాను. నాలుగేళ్ల కిందటి దాంట్లో 'రాణి కొంచెం భయస్తురాలు' అని ఒక్క ముక్కే ఉంది. ఆ మరుసటి ఏడు చెప్పులు వచ్చాయి. ఈ ఏడు దుద్దులు వచ్చాయి. ఇంటిగుట్టు రట్టు చేసిన దొంగను నేనే, అక్కా. పాఠం చెబుతున్నాననే అనుకున్నాను.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. ఏటా పేపర్లు ఇంటికి పట్టుకెళ్తే మార్కులు కూడేది ఆయనే. నా కూడిక మీద ఆయనకు నమ్మకం లేదు. ఈసారి పట్టుకెళ్లలేదు. రాత్రి అన్నం దగ్గర "పేపర్లేవీ?" అన్నారు. ఇంకా దిద్దుతున్నానన్నాను. "రేపు తీసుకురా" అన్నారు, చాలా నెమ్మదిగా. ఆయన అందులో ఒక్క పేజీ చదివితే నా గతేమిటో ఊహించుకోలేను.

పొద్దున ఆఖరి పేపరు దిద్దాను. అందరూ రాసిందంతా రాసి, చివర ఆ పిల్ల సొంతంగా ఒక మాట కలిపింది. "రాణి చివరి అంకం దాకా ఆ గదిలోనే ఉంటుంది. కానీ తలుపుకు బయట గడియ పెట్టి ఉందని కవి ఎక్కడా చెప్పలేదు."

మూలం తీసి ఐదంకాలూ వెతికాను. నిజంగానే ఎక్కడా లేదు. ఎన్నేళ్లుగా చెబుతున్నాను, ఒక్కసారీ చూసుకోలేదు.

మార్కులు నేనే కూడి కట్ట నిఘంటువుగారి చేతిలో పెట్టేశాను. ఇంటికి వెళ్లను. ఒంటి మీద చీరతోనే నాలుగు గంటల బస్సెక్కుతున్నాను. ఇంకా భయంగానే ఉంది. ఈ ఉత్తరం పోస్టు చెయ్యను, నేనే తెచ్చి ఇస్తాను. ముందు ఇది చదువు, ఆ తర్వాత నన్ను అడుగు.

నీ చెల్లెలు